కాగితం మీది కరెంటు

మెట్టపాకలకి కరెంటు వచ్చి పదకొండేళ్లయిందన్న సంగతి పైడితల్లికి చోడవరం మండలాఫీసులో తెలిసింది.

తొంభై ఆరో సంవత్సరం, వేసవికాలం. ఆమె తాటివలస సర్పంచి అయ్యి అప్పటికి ఏడాది. సర్పంచి పదవి ఆడవాళ్లకని ప్రభుత్వం కేటాయించేసరికి, తాటివలసలో పెద్ద రైతులిద్దరు పంతానికి పోయి చెరో పక్కా తమ భార్యల్ని నిలబెట్టారు. ఊరు రెండుగా చీలిపోయింది. గెడ్డ వాగుకి అవతల, అదే పంచాయతీకి శివారుగా ఉన్న మెట్టపాకల జనం మాత్రం ఒక్క ఓటు పక్కకి పోకుండా, చెరకు కొట్టే దాసు పెళ్లాం పైడితల్లికి వేశారు. లెక్క తేలేసరికి ఆమె గెలిచింది. ముప్పై రెండేళ్ల మనిషి, అయిదో తరగతి చదువు. ‘నాలుగు రోజులు పోతే కాగితాలు మోసుకుని మన గుమ్మంలోకే వస్తుందిలే’ అనుకున్నారు పెద్దలు. ఆమె రాలేదు. మీటింగున్న రోజున తెల్లారకుండా వంట ముగించి, గెడ్డ దాటి, బస్సెక్కి చోడవరం వెళ్లి వెనక వరసలో కూర్చునేది. అర్థం కాని మాట వినబడితే సిగ్గుపడకుండా పక్కవాళ్లని అడిగేది.

ఆ రోజు ఒక ఆఫీసరు కొత్త పథకం గురించి చదివి వినిపించాడు. కరెంటు లేని ఊళ్లలో తాగేనీళ్ల కోసం ఎండతో నడిచే మోటార్లు పెడతారట. ఖర్చులో సింహభాగం ప్రభుత్వానిది. ఊరివాళ్లు తమ వంతుకి కాయకష్టం చేస్తే చాలు.

ఎండతో మోటారు అన్న మాటకి హాల్లో కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు. పైడితల్లి చెయ్యెత్తింది.

"మా మెట్టపాకలు రాసుకోండి బాబూ. మాకు కరెంటు నేదు."

గుమాస్తా రిజిస్టరు తిరగేశాడు. వేలితో ఒక వరస వెంట కిందికి దిగి, ఆగాడు.

"మీకు కరెంటుందమ్మా. ఎనభై అయిదులోనే వచ్చింది."

"మా ఊరికేటి? మరి ఇన్నేళ్లూ మాకెవులూ సెప్పలేదేటి బాబూ!"

హాలంతా గొల్లుమంది. పైడితల్లి కూడా వాళ్లతో కలిసి నవ్వేసింది. గుమాస్తా మాత్రం నవ్వలేదు. రిజిస్టరు ఆమె వైపు తిప్పి చూపించాడు. మెట్టపాకలు అని ఉంది. ఎదురుగా ‘విద్యుదీకరించబడినది’ అని ఉంది. ఆ పొడుగాటి మాటని ఆమె కూడబలుక్కుని చదివింది.

"మీ శివారులో కృష్ణంరాజుగారి చెరకు తోటకి మోటారుంది కదమ్మా. పొలిమేరలో ఎక్కడ కరెంటు వాడినా ఆ ఊరికి కరెంటు ఉన్నట్టే. రూలు అలా ఉంది," అన్నాడతను, తనే తప్పు చేసినట్టు గొంతు తగ్గించి.

తిరిగొచ్చే బస్సులో పైడితల్లికి ఆ నవ్వులు చెవుల్లో గింగురుమంటూనే ఉన్నాయి.

మెట్టపాకల్లో నలభై మూడు గడపలు. ఊరంతా గులకరాళ్ల మెట్ట మీద ఉంటుంది. మంచినీళ్ల నుయ్యి మాత్రం కింద, గెడ్డ ఒడ్డున. పైన బోరు వేద్దామని రెండుసార్లు ప్రయత్నించారు. రెండుసార్లూ బండ తగిలి వట్టి రాతిపిండే వచ్చింది. అందుకని ఆడవాళ్లు పొద్దున నాలుగు బిందెలు, సాయంత్రం నాలుగు బిందెలు నెత్తిన పెట్టుకుని ఆ ఏటవాలు ఎక్కుతారు. వానాకాలంలో ఆ దారి సబ్బు రాసినట్టుంటుంది. పెళ్లయిన మూడో ఏడు, కడుపుతో ఉన్నప్పుడు, పైడితల్లి అక్కడే జారి పడింది. ఆ బిడ్డ దక్కలేదు. మళ్లీ కడుపు పండలేదు. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనేది కాదు గాని, మెట్ట దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర పాదం ఎప్పుడూ ఆచితూచి వేసేది.

మర్నాడు అత్త గున్నమ్మ అడిగింది.

"మీటింగులో ఏటన్నారే కోడలా?"

"మనకి కరెంటుందట అత్తా. పదకొండేళ్లయిందట."

గున్నమ్మ చూరుకి వేలాడుతున్న కిరసనాయిలు లాంతరు వంక, కోడలి మొహం వంక మార్చి మార్చి చూసింది. "ఉంటే ఉండనీ. ఆ కరెంటుకే సెప్పు, రెండు బిందెలు నీల్లు మోసుకురమ్మని," అంది.

*

విశాఖపట్నంలో సౌరశక్తి పథకాలు చూసే ఆఫీసు ఒక మేడ మీద ఉంది. పైడితల్లి, దాసు మెట్లెక్కి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. అక్కడ ఉష అని ఒక ఇంజనీరు ఉంది. ముప్పై ఏళ్లు నిండి ఉండవు. చేతికి మగవాళ్ల వాచీ, బల్ల నిండా మేప్‌లు. దాసు తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడిపోతే, ఆమె లేచి వెళ్లి ఇద్దరికీ కుర్చీలు తెచ్చి వేసింది. చెప్పిందంతా మధ్యలో అడ్డు రాకుండా వింది.

"మీరు చెప్పేది నిజమే పైడితల్లిగారూ. కానీ మీ ఊరు నా లిస్టులోకి రాదు."

"ఒక్క మోటారమ్మా! అదైనా మాది కాదు, తాటివలస రాజుగారిది. ఆ తీగ మా ఇల్లకి అరమైలు దూరంలోనే ఆగిపోనాది."

"ఆ ఒక్క మోటారు చాలు. ఆ రూలు రాసిన రోజుల్లో పొలాలకి మోటార్లు పెంచడమే పెద్ద పని అనుకున్నారు. ఇళ్ల మాట ఎవరూ ఎత్తలేదు."

"మరి రూలు మారదేటమ్మా?"

ఉష చేతిలో కలం బల్ల మీద పెట్టింది.

"నేను ఇంతకుముందు అనంతపురం జిల్లాలో పనిచేశాను. అక్కడ రామగిరి కొండలున్నాయి. ఆ కొండల మీద గాలి మా తాతల నాడూ అలాగే వీచింది. గాలిమరలు మాత్రం ఎప్పుడు లేచాయో తెలుసా? మర పెట్టినవాడికి పన్నులో రాయితీ ఇస్తామని ప్రభుత్వం చెప్పాక. అంతవరకు ఆ గాలి ఎవరికీ కనబడలేదు. మీ సంగతీ అంతే. ఎండ మీ ఊళ్లో ఉంది. ఎండని కరెంటు చేసే పలకలు కంపెనీ దగ్గర ఉన్నాయి. మధ్యలో ఒక్క వాక్యం అడ్డంగా ఉంది."

ఉష బల్ల సొరుగులోంచి ఒక కాగితం తీసింది.

"ఆ వాక్యం గురించి ఢిల్లీలో మాటలు నడుస్తున్నాయి. మీలాంటి ఊళ్లు ఎన్నున్నాయో రాసి పంపమని మమ్మల్ని అడిగారు. మీరు ఇంటింటికీ తిరిగి వివరాలు రాసి తెస్తే నేను పైకి పంపిస్తాను. మారుతుందని మాత్రం మాట ఇవ్వలేను."

"మాటొద్దమ్మా. ఏటి రాయాలో అది సెప్పు," అంది పైడితల్లి.

*

ఆ ఆదివారం మెట్టపాకల జనం అంతా పైడితల్లి వాకిట్లో చేరారు. సంగతి విన్నాక దాసే ముందు నోరు విప్పాడు.

"దీనికింత గొడవెందుకే? ఆ రాజుగారి తీగ కత్తిరించేస్తే సరి. పొలిమేరలో కరెంటే ఉండదు. మనది సీకటూరు అయిపోద్ది."

కుర్రకారు సై అంటే సై అన్నారు. పైడితల్లి చేత్తో వారించింది.

"ఆయన సేను ఎండితే మన బిందె నిండుతాదేటి మావా? రేపు కోతలకి మీరెవులి సేలోకి ఎల్తారు? ఆ మాట మరి నా ఇంట్లో అనకండి."

అన్న మాట ఆమెది కాకపోయినా, గెడ్డ దాటేసరికి అది ఆమెదే అయిపోయింది. ‘సర్పంచి రాజుగారి మోటారు తీయించేస్తాదట’ అని తాటివలసలో గుప్పుమంది. మర్నాడు మిట్టమధ్యాహ్నం కృష్ణంరాజు మెట్టెక్కి వచ్చాడు. యాభై దాటిన మనిషి. గోవాడ ఫ్యాక్టరీకి ఏటా బళ్లకి బళ్లు చెరకు తోలే రైతు. వాకిట్లోకి వచ్చేసరికి రొప్పుతున్నాడు.

"ఏవే పైడితల్లీ! నా తోట ఎండగట్టడానికేటి నువ్వు సర్పంచివైంది?"

"ముందు కూకోండి రాజుగారూ. మీరీ మెట్టెక్కడం ఇదే మొదలు." ఆమె గ్లాసుతో నీళ్లిచ్చింది. ఆయన గటగటా తాగి, ఇంకో గ్లాసు అడగబోయి, పక్కనే ఉన్న బిందె వంక చూసి ఊరుకున్నాడు. ఆమె అడక్కుండానే రెండో గ్లాసు ముంచి ఇచ్చింది.

"మీ మోటారు మీకుండాల. మీ తోట పండాల. లేపోతే మా మగోల్లకి పనేది? మీ మోటారు అక్కడుండగానే మా ఇల్లల్లో కరెంటు లేదని పైవాళ్లకి తెలియాల. అది నాను రాస్తే నమ్మరు. మీరు రాయాల."

"నేనా?"

"మీరే. ఆ తీగ మీది. అది ఎంతవరకు వస్తాదో మీకంటె ఎవులికి తెలుసు?"

"రాస్తే నా కనెక్షనుకేటవుతాది?"

"ఏటీ అవ్వదు. ఇంజనీరమ్మని అడిగే వచ్చేను."

ఆయన అవునని గాని, కాదని గాని అనకుండా లేచాడు. చేతికర్ర లేక దిగడం కష్టమైంది. సగం దారిలో బిందెతో ఎదురొచ్చిన గున్నమ్మకి దారిచ్చి పక్కకి తప్పుకుని, ఆమె పైకి ఎక్కేదాకా అక్కడే నిలబడి చూశాడు.

మూడో రోజున కాగితం వచ్చింది. చక్కటి దస్తూరి, కింద సంతకం. ‘నా మోటారు స్తంభానికీ మెట్టపాకల మొదటి ఇంటికీ మధ్య మరొక్క స్తంభమైనా లేదు. నేను స్వయంగా ఆ మెట్ట ఎక్కి చూశాను’ అని ఉంది అందులో.

పైడితల్లి నోటుపుస్తకం పట్టుకుని గడపగడపా తిరిగింది. ఇంటి పెద్ద ఎవరు, మనుషులెందరు, రోజుకి ఎన్ని బిందెలు, వెలిగేది లాంతరా బుడ్డా, కిరసనాయిలు కార్డు నంబరెంత. ఆఖరి గడిలో ‘కరెంటు: లేదు’. పదకొండు రోజులు పట్టింది. మొదటి ‘లేదు’ దగ్గర వంకర్లు పోయిన చెయ్యి, నలభై మూడో ‘లేదు’కి వచ్చేసరికి గుమాస్తా రాత రాసింది. ఆ పుస్తకం, రాజుగారి కాగితం కలిపి ఉష చేతిలో పెట్టి వచ్చింది.

*

ఆ తర్వాత ఏడాది దాటిపోయింది. ఏమీ కాలేదు.

పైడితల్లికి తాటివలసలో ‘కరెంటు సర్పంచి’ అని పేరు పడింది. బస్సు కోసం నిలబడితే ఎవరో ఒకరు, "ఏటమ్మా సర్పంచీ! మీ పాకల్లో ఫ్యానులు బాగా తిరుగుతన్నాయా?" అనేవాళ్లు. "ఆఁ, మీ నోల్లు తిరిగినంత బాగా తిరుగుతన్నాయి," అనేది ఆమె. ఆ మాటకి మాట అప్పజెప్పేసి ఇంటికి వచ్చాక మాత్రం అన్నం సయించేది కాదు. గెడ్డ మీద కల్వర్టు వేయించింది. రేషను డిపో వారానికి రెండు రోజులు తెరిపించింది. అవన్నీ చేసినా నీళ్ల సంగతి పంటి కింద రాయిలా ఉండిపోయింది. విశాఖపట్నం రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ ఉష, "ఇంకా ఏమీ రాలేదండీ," అని చెప్పి టీ తాగించి పంపింది.

"పోనీ ఒగ్గీ పైడీ. సర్కారు రూలుని ఎవులు కదుపుతారు?" అన్నాడు దాసు ఒకనాడు.

"కదిపీవోల్లు నేకపోతే కదలదు మావా," అంది ఆమె.

తొంభై ఎనిమిది జనవరిలో పోస్టుమేన్ కవరు తెచ్చాడు. పైడితల్లి దాన్ని మెట్ట మీద నిలబడే చింపింది. ఉష రాసిన ఉత్తరం. ఆమె పెదవులు కదుపుతూ చదువుకుంది. చదివిందే మళ్లీ చదివింది. ఆ తర్వాత ఎలుగెత్తి చదివింది.

‘రూలు మారింది. ఇక మీదట జనం కాపురముండే చోట కరెంటు వాడితేనే ఆ ఊరికి కరెంటు ఉన్నట్టు. పొలంలో మోటారు లెక్కలోకి రాదు. మన జిల్లా నుంచి పంపిన ఊళ్ల జాబితాలో మీది మొదటి పేరు.’

గున్నమ్మకి సగమే అర్థమైంది. "అయితే మనకి కరెంటు పోనాదేటి?" అంది.

"పోనాది అత్తా! నిలువునా పోనాది!" అని పైడితల్లి అత్తని రెండు చేతులతో చుట్టేసింది. కరెంటు పోయినందుకు ఒక ఊరు ఊరంతా సంబరం చేసుకోవడం ఆ ప్రాంతంలో అదే మొదటిసారి అయ్యుంటుంది.

అయితే ఉత్తరం కింద ఇంకో నాలుగు వరసలున్నాయి. కరెంటు లేదని ఆ ప్రాంతపు కరెంటు ఇంజనీరు సర్టిఫికెట్టు ఇవ్వాలి. మార్చి నెలాఖరులోగా మోటారు నడవాలి. ఆ ఏటి నిధులు ఆ ఏటితోనే సరి. మార్చి దాటితే మళ్లీ ఏమంటారో తెలియదు.

*

కరెంటు ఇంజనీరు గౌరీశంకర్ చెడ్డవాడు కాదు. జాగ్రత్త మనిషి. కాగితం మీద చెయ్యి పెట్టే ముందు పదిసార్లు చూసుకునే రకం.

"కొత్త రూలు నాకూ వచ్చిందమ్మా," అన్నాడు. "కానీ వెలిగిన ఊరని ఒకసారి రాసేశాక, వెలగలేదని ఎలా రాయను? పదమూడేళ్లుగా ఉన్న కరెంటు ఎక్కడికి పోయిందని రేపు పైనుంచి అడిగితే నేనేం చెప్పను?"

"అడిగితే నన్ను పిలండి. నాను సెప్తాను."

"అలా కుదరదమ్మా. చూద్దాం. వచ్చే నెలలో ఒకసారి తీరిక చేసుకుని వస్తాను."

వచ్చే నెలంటే ఫిబ్రవరి నెలాఖరు. అప్పుడు మొదలుపెడితే మార్చికి ఏదీ పూర్తికాదు. పైడితల్లి బల్ల దగ్గర నుంచి కదల్లేదు. గోడ పక్క బీరువాలో బిల్లు పుస్తకాలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి వంక చూస్తూ, నెమ్మదిగా అడిగింది.

"బాబూ, మీటరు సూసే మడిసి నెలనెలా అన్ని ఊర్లూ తిరుగుతాడు కదా?"

"తిరుగుతాడు."

"ఈ పదమూడేళ్లలో మా మెట్టెక్కేడేటో ఒక్కపాలి ఆ పుస్తకం సూడండి. ఇన్నేళ్లు కరెంటు వాడుకుని ఒక్క బిల్లయినా కట్టనోల్లం. మీరు మమ్మల్ని ఎలా ఒగ్గేసేరో నాకు తెలీట్లేదు."

పక్క బల్ల మీది గుమాస్తా కిసుక్కున నవ్వాడు. గౌరీశంకర్ ఆమెనే చూశాడు. లేచి బీరువా దగ్గరకి వెళ్లాడు. ఒక పుస్తకం తీశాడు, ఇంకోటి తీశాడు. తాటివలస ఇళ్లున్నాయి. కృష్ణంరాజు మోటారుంది. మెట్టపాకల పేరుతో ఒక్క ఇంటి నంబరైనా లేదు. పుస్తకం మూసేటప్పుడు అతని పెదవుల మీదికి నవ్వొచ్చేసింది.

"మీరు ఏం చదువుకున్నారమ్మా?"

"అయిదు."

"నేను పదహారేళ్లు చదివాను. ఈ పుస్తకం తీసి చూడాలని నాకు తోచలేదు," అని స్కూటరు తాళం అందుకున్నాడు. "పదండి, ఇప్పుడే వెళ్దాం."

స్కూటరు గెడ్డ ఒడ్డున ఆపి, మెట్ట నడిచి ఎక్కాడు. అతని ముందు గున్నమ్మ నెత్తిన ఒక బిందె, నడుం మీద ఒక బిందెతో ఎక్కుతోంది. ఖాళీ చేతులతో ఎక్కుతున్న అతను రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. ఆమె ఆగలేదు. పైకి వెళ్లాక ఇళ్లన్నీ తిరిగి చూశాడు. స్తంభం లేదు, తీగ లేదు, మీటరు లేదు. గున్నమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని అక్కడికక్కడే సర్టిఫికెట్టు రాశాడు. అడగని వాక్యం ఒకటి కింద తనంతట తానే చేర్చాడు: ‘ఈ ఊరికి ఆలస్యం లేకుండా మంజూరు చేయవలసిందిగా సిఫారసు చేస్తున్నాను.’

*

ఇక ఊరి వంతు మిగిలింది. కింద నూతి నుంచి పైన కట్టబోయే ట్యాంకుదాకా గొట్టానికి కాలువ తవ్వాలి. ఆ మెట్ట గునపం దిగే నేల కాదు. దెబ్బ వేస్తే నిప్పురవ్వలు లేచేవి. మగవాళ్లు పొద్దున్న చెరకు కోతలకి వెళ్లి, మధ్యాహ్నం నుంచి గునపాలు పట్టేవాళ్లు. ఆడవాళ్లు రాళ్లెత్తి పోసేవాళ్లు. పందొమ్మిది రోజుల్లో కాలువ పైకి చేరింది. ట్యాంకు లేచింది. దాని కింద నాలుగు కుళాయిలు.

పలకలు తెచ్చిన లారీ తాటివలస దగ్గర ఆగిపోయింది. కొత్త కల్వర్టు అంత బరువు ఆపదు. పైడితల్లి ఏం చేద్దామా అని ఆలోచిస్తుండగానే కృష్ణంరాజు ట్రాక్టరు వచ్చింది. ట్రాలీలో మోకాలి లోతు ఎండుగడ్డి పరిచి ఉంది.

"అద్దాలట కదా. కుదిపితే పగిలిపోతాయి," అన్నాడు రాజుగారు. డ్రైవరుతో, "ఒరే, గర్భిణీ మనిషిని తీసుకెళ్తన్నాననుకుని తోలు," అని చెప్పి, తను కూడా ట్రాలీ ఎక్కి పలకల మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

మార్చి ఇరవై ఏడున మోటారు నడపాలని నిర్ణయించారు. పొద్దున్నుంచే జనం. తాటివలస నుంచీ వచ్చారు, దేవరాపల్లి వైపు నుంచీ వచ్చారు. నల్లటి పలకలు ఇనుప చట్రం మీద దక్షిణానికి మొహం పెట్టి, నూతి పక్కన వరసగా నిలబడ్డాయి. ఉష వచ్చింది. గౌరీశంకర్ వచ్చాడు. సూర్యుడొక్కడే రాలేదు. ఆకాశమంతా బూడిద రంగు మబ్బు.

తొమ్మిదింటికి ఉష స్విచ్చి వేసింది. మోటారు ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

జనంలోంచి ఎవరో, "కాగితం మీదే ఉన్నాదేటి ఈ కరెంటు కూడాను?" అన్నారు. కొందరు నవ్వారు. పైడితల్లి ఉష వంక చూసింది. ఉష మొహంలో కంగారు లేదు. "ఎండ రానివ్వండి. పథకం మొత్తం ఆయన మీదే ఉంది," అంది పైకి చూపిస్తూ.

ముప్పావుగంట గడిచింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. పైడితల్లి నూతి గట్టు మీద నిలబడి తూర్పు వైపే చూస్తోంది. ముందు అవతలి గట్టున చెరకు తోట మీద పసుపు పారబోసినట్టు వెలుగు పడింది. ఆ వెలుగు గెడ్డ దాటింది. ఇసుక మీదుగా పాకుతూ వచ్చి పలకల మీదికి ఎక్కింది. ఎవరూ ఏదీ ముట్టుకోలేదు. మోటారు దానంతట అదే గుర్రుమంది. మళ్లీ ఆగలేదు.

పైడితల్లి పరుగెత్తింది. నీళ్లకంటే ముందు తను పైకి చేరాలన్నట్టు మెట్ట మీదికి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఎక్కడా ఆచితూచకుండా పరుగెత్తింది. ట్యాంకు దగ్గర గొట్టం నేలలోంచి పైకి లేచే చోట చెవి ఆనించింది. ముందు ఏమీ వినబడలేదు. తర్వాత దూరంగా ఎవరో ఈల వేసినట్టు గాలి. ఆ తర్వాత గొట్టం చల్లబడింది.

ట్యాంకులోకి మొదట ఎర్రటి నీళ్లు ఉమ్మినట్టు వచ్చాయి. ఆగాయి. మళ్లీ వచ్చాయి. ఆ పైన మోచెయ్యి లావు ధార, తెల్లగా, ఆగకుండా.

"వచ్చేసేయి! నీల్లు వచ్చేసేయి!" దాసు కేక గెడ్డ అవతలికి వినబడి ఉంటుంది. డప్పులు మోగాయి. ట్యాంకు అడుగున నీళ్లు నిలిచాక పైడితల్లి అత్త చెయ్యి పట్టుకుని మొదటి కుళాయి దగ్గరకి తీసుకెళ్లింది. గున్నమ్మ కుళాయి తిప్పింది. బిందె పెట్టలేదు. రెండు పాదాలూ ధార కింద పెట్టి, అలాగే నిలబడింది. నెత్తి మీద మోసి తెచ్చిన నీళ్లు కాళ్లకి పోసుకోవడానికి నలభై ఏళ్లలో ఆవిడకి ఎప్పుడూ మనసొప్పలేదు.

"ఇంకో రెండు నిమిసాలు ఉంటానే కోడలా," అంది.

"సాయంత్రం దాకా ఉండత్తా. ఎవులడుగుతారు?" అంది పైడితల్లి. మొహం పక్కకి తిప్పుకుంటే అక్కడ కృష్ణంరాజు, గౌరీశంకర్ కనబడ్డారు. ఇద్దరూ కుళాయి దగ్గర వరసలో నిలబడి, తమ వంతు రాగానే దోసిళ్లు పట్టి తాగారు.

ఉష ఆమె పక్కకి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది.

"మన జిల్లా నుంచి ఎన్నో పేజీల రిపోర్టు వెళ్లింది పైడితల్లిగారూ. అందులో మీ నలభై మూడు ‘లేదు’లూ ఉన్నాయి."

*

ఆ వేసవి తర్వాత బడి తెరిస్తే మెట్టపాకల నుంచి కొత్తగా పదకొండు మంది పిల్లలు వెళ్లారు. అంతకుముందు వాళ్ల పొద్దులన్నీ నూతి దగ్గరే వెళ్లిపోయేవి.

చోడవరం మండలాఫీసు మీటింగులో ఇప్పుడు పైడితల్లిని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఇది ఎలా సాధించావో చెప్పమని అడిగారు. ఆమెకి ఉపన్యాసాలు రావు. లేచి నిలబడింది.

"ఎండ దేవుడిచ్చేడు. రూలు మడిసి రాసేడు. మడిసి రాసిందే గాబట్టి మడిసే మార్చొచ్చు. అయితే మనం ఇల్లలో కూకుని తిట్టుకుంటే అది ఎవులికీ తెలీదు. లేనిది లేదని రాసి పంపాల. నాను సేసిందంతే," అని కూర్చుంది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మీటింగు అయిపోగానే ముగ్గురు సర్పంచులు, ఇద్దరు వార్డు మెంబర్లు ఆమె చుట్టూ చేరి తమ శివారు ఊళ్ల సంగతి చెప్పడం మొదలుపెట్టారు. అన్నింటిదీ ఒకటే కథ. ఎక్కడో ఒక పొలంలో ఒక మోటారు, రిజిస్టరులో ఒక పొడుగాటి మాట. ఆమె ఒక్కొక్క ఊరికీ వెళ్లింది. బిల్లు పుస్తకాలు ఎలా చూపించమనాలో, రైతుని ఎలా ఒప్పించుకోవాలో, ఇంటింటికీ ఏం రాయాలో దగ్గర కూర్చుని చెప్పింది. వాళ్లు పంపిన కాగితాలు ఉష బల్ల మీద గుట్టగా చేరాయి. తొంభై తొమ్మిది మార్చి నాటికి ఆ చుట్టుపక్కల మరో నాలుగు శివారు ఊళ్లలో పలకలు లేచాయి.

నాలుగోది రోలుగుంట వైపు ఒక చిన్న ఊరు. అక్కడి వార్డు మెంబరు చిన్నతల్లి స్వయంగా వచ్చి పైడితల్లిని పిలుచుకు వెళ్లింది. ఊరి మొదట్లోనే డప్పులతో ఎదురొచ్చారు. మెడలో బంతిపూల దండ వేశారు. నూతి దగ్గరకి తీసుకెళ్లి, "నువ్వే వెయ్యాలమ్మా స్విచ్చి. నీ చేత్తోనే రావాల మాకు నీల్లు," అన్నారు.

పైడితల్లి మెడలోని దండ తీసింది. పక్కన తడబడుతూ నిలబడ్డ చిన్నతల్లి మెడలో వేసింది. ఆమె చెయ్యి పట్టుకుని స్విచ్చి మీద పెట్టింది.

"మీ ఊరి నీల్లు. నువ్వెయ్యి," అంది.

ఎండ పెళపెళలాడుతోంది. చిన్నతల్లి కళ్లు గట్టిగా మూసుకుని స్విచ్చి నొక్కింది. మోటారు గుర్రుమంది.